కంప్యూటర్‌కి శాలువా

మా కాలనీలో కుళాయి తిప్పితే నీళ్ళు రావు. గాలి వస్తుంది. ఉత్త గాలి వచ్చినా బాధ లేదు, ముందు 'గుర్ర్' అని గొంతు సవరించుకుంటుంది, ఏదో ఇవ్వబోతున్న పెద్దమనిషిలాగా. ఆ చప్పుడికి వీధి వీధంతా బిందెలు పట్టుకుని పరిగెత్తుకొస్తాం. అప్పుడు 'ఉస్స్' అని ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంటుంది. మా పక్కింటి రిటైర్డ్ తాసిల్దారు గారు ఈ గాలికి కూడా నీటిపన్నే కడుతున్నామని రోజూ గుర్తుచేసి, ఖాళీ బిందెతో హుందాగా వెనక్కి వెళ్ళిపోతారు.

ఈ విషయంలో నా బాధ అందరికన్నా ఒక బిందె ఎక్కువ. మా కాలనీ పంపులో చక్రం అరిగిపోయింది. దాని బదులు కొత్త చక్రం తయారుచేయాల్సిన కార్ఖానాలో నేను అసిస్టెంట్ ఇంజనీర్ని. ఈ సంగతి కడుపులో పెట్టుకుని ఉంటే ఏ గొడవా లేకపోయేది. కానీ వినాయక చవితి పందిట్లో ఎవరో నా చేతికి మైకిచ్చారు. మైకు చేతికొచ్చిన మనిషి ఏం చేస్తాడో మీకు తెలియనిది కాదు. "నెల తిరిగేలోగా చక్రం తిరుగుతుంది!" అన్నాను. చప్పట్లు మోగాయి. అక్కడికక్కడే నాకు శాలువా కప్పారు.

నెల తిరిగింది. చక్రం తిరగలేదు.

"ఏవండీ, మీ శాలువా ఎక్కడ పెట్టారు?" అని అడిగింది మా ఆవిడ హైమవతి.

"బీరువాలో. ఎందుకూ?"

"చుట్టకుదురుకి. ట్యాంకర్ దగ్గర్నుంచి బిందె మోసుకొస్తుంటే నడినెత్తి బొప్పి కడుతోంది."

"సన్మానం శాలువా హైమా అది."

"నీళ్ళు తెస్తానన్నందుకే కదా కప్పారు? అదీ నీళ్ళు తేవడానికే వాడుతున్నా." చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుంది. "వచ్చే నెల మా అన్నయ్యా వదినా పిల్లాజెల్లాతో దిగుతున్నారు. అప్పటికీ ఈ గాలేనా? వాళ్ళ తలకి కుంకుడుకాయ రుద్ది కుళాయి కింద ఆరబెట్టమంటారా?"

బావమరిది ముందు పరువు పోవడం ఎలాంటిదో పెళ్ళయిన మగాళ్ళకి నేను వివరించనక్కర్లేదు. అసలు సంగతి మాత్రం వివరిస్తాను.

మా కార్ఖానాలో లోహం చెక్కే యంత్రం ఒకటుంది. దాన్ని నడిపేది పక్కనే బల్ల మీదున్న కంప్యూటర్. యంత్రానికి సొంత బుద్ధంటూ లేదు. ఇంత జరుగు, ఇంత దిగు, ఇప్పుడు తిరుగు అని కంప్యూటర్ క్షణక్షణం చెబుతూ ఉండాలి. చెప్పాల్సిన మాట రెప్పపాటు ఆలస్యమైందా, కత్తి ఉన్నచోటే ఆగిపోయి, ఆనక కంగారుగా ఒక్క గెంతు గెంతుతుంది. చక్రం రెక్క మీద గాటు పడుతుంది. గాటు పడ్డ చక్రాన్ని పంపులో పెడితే పంపు దడదడలాడి ఊడొచ్చేస్తుంది. దీన్ని కంప్యూటర్ చదివినవాళ్ళు లేటెన్సీ అంటారు. మేం ఆలస్యం అంటాం. సర్కారు జీతం తీసుకుంటూ రెప్పపాటుని ఆలస్యం అనడానికి మొదట్లో నాకూ మొహమాటంగానే ఉండేది.

మొదటి చక్రం మీద గాటు పడగానే వైర్లు మార్చాం. రెండోదాని మీద పడ్డాక కంప్యూటర్ పెట్టె విప్పి దుమ్ము దులిపాం. ఆ తర్వాత మేనేజర్ దక్షిణామూర్తి గారి సలహా మీద తెరకి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాం. మళ్ళీ గాటు.

యంత్రం నడిపేది పోలినాయుడు. తనకి తెలియని యంత్రం జిల్లాలో లేదని జిల్లా అంతా చెప్పుకు తిరిగే మనిషి. అతను మొదట ఎర్తింగు లోపమన్నాడు. తర్వాత చక్రం పోసిన కంచు లోపమన్నాడు. ఆ తర్వాత నా జాతకం చూపించుకోమన్నాడు. చివరికి ఇద్దరం చెరో స్టూలూ వేసుకుని, రెప్ప వాల్చకుండా కంప్యూటర్ని చూస్తూ కూర్చున్నాం.

అంతా సజావుగా సాగుతోంది. కాసేపు ఎవరూ మౌస్ ముట్టుకోలేదు. అప్పుడు తెర మీద అంకెలన్నీ మాయమై చైర్మన్ గారు ప్రత్యక్షమయ్యారు.

మా సంస్థలో కంప్యూటర్లన్నిటికీ హెడ్డాఫీసు వారు ఈమధ్యే ఏర్పాటు చేసిన అలంకారం అది. మౌస్ కాసేపు ఖాళీగా ఉంటే చాలు, చైర్మన్ గారి నవ్వుముఖం పైకి లేస్తుంది. మెల్లగా చుట్టూ తిరుగుతుంది. పైనుంచి గులాబీ రేకులు రాలతాయి. ఒక్కో రేకూ గాలిలో గిరికీలు కొట్టి, చైర్మన్ గారి భుజం మీద వాలి, జారుతుంది. కింద 'వేగమే మా ఊపిరి' అన్న సందేశం ఒక్కో అక్షరమే తీరుబడిగా నడిచొస్తుంది. ఇంత వేడుక చేయడానికి కంప్యూటర్ తన పంచప్రాణాలూ పెట్టాలి. పెట్టింది. యంత్రానికి చెప్పాల్సిన మాట మర్చిపోయింది.

కర్ర్‌మని చప్పుడు.

"పువ్వు పడ్డాది సారూ, సెక్రం పోనాది," అన్నాడు పోలినాయుడు.

నేను గంతులేసుకుంటూ మేనేజర్ గారి గదికి వెళ్ళాను. "సార్, రోగం దొరికింది! ఒక్క నిమిషం పని. చైర్మన్ గారి బొమ్మ తీసేస్తే సరి!"

దక్షిణామూర్తి గారు లేచి తలుపు మూశారు. కిటికీ కూడా మూశారు. ఫ్యాను కూడా ఆపబోయి, ఉక్కకి ఆగారు.

"ఏమన్నారు? మళ్ళీ అనకండి," అన్నారు. "చైర్మన్ గారి ముఖం వల్ల పని చెడుతోందని మీరు సంతకం పెట్టి రాసిస్తారా?"

"నేనా? లేదండీ."

"నేను రాస్తానా?"

"మీరూ రాయరు."

"మరి లోపం ఏమిటి?"

"ఆలస్యం సార్."

"కారణం?"

నేను తల వంచుకున్నాను.

"కారణం పరిశీలనలో ఉంది," అని ఆయనే పూర్తిచేశారు. "అలా రాద్దాం. మీకు సర్వీసు ఇంకా చాలా ఉందయ్యా. నోరు జాగ్రత్త."

పోలినాయుడికి మాత్రం ఓ ఉపాయం తట్టింది. బొమ్మని తీసేయకూడదు సరే, రాకుండా చూడొచ్చుగా? ఎవరైనా కూర్చుని మౌస్ కదుపుతూ ఉంటే బొమ్మే రాదు. అటెండర్ జోగారావుని కూర్చోబెట్టాం. జోగారావు అంతకుముందు ఆఫీసులో ఏ పనీ చేయని మనిషి. ఈ పని కూడా దాదాపు అలాంటిదే కావడంతో ఇట్టే అల్లుకుపోయాడు. ఒక చేత్తో మౌసు, ఒక చేత్తో టీ గ్లాసు. 'ఎలా ఉంది పని?' అని అడిగితే 'బరువు బాధ్యతలు సార్' అనేవాడు. చక్రం మూడొంతులు గాటు లేకుండా వచ్చేసింది. నేను ఇంటికి ఫోన్ చేసి, వాళ్ళ అన్నయ్యని టికెట్లు కొనుక్కోమని కూడా చెప్పేశాను.

అంతలో హెడ్డాఫీసు నుంచి ఫోను. జాప్య నివారణ విభాగం జాయింట్ డైరెక్టర్ చిదంబరేశ్వర్రావు గారు. ఆయన మామూలుగా మాట్లాడినా సర్క్యులర్ చదువుతున్నట్టే ఉంటుంది.

"సదరు కార్ఖానాలో గత వారముగా గౌరవనీయ చైర్మన్ గారి దర్శనము ఒక్కసారియూ జరగలేదని మా పరిశీలనలో వెల్లడైనది. ఇది యాదృచ్ఛికమా, ఉద్దేశపూర్వకమా?"

దక్షిణామూర్తి గారు ఫోను అవతలివాళ్ళకి తాను కనిపించనని కూడా మర్చిపోయి లేచి నిలబడ్డారు. "అబ్బే, మౌస్ పాడై తనంతట తనే కదులుతోంది సార్. ఇప్పుడే ఆపేయిస్తున్నాను." అని కార్ఖానాలోకి పరిగెత్తుకొచ్చి జోగారావు చెయ్యి పట్టుకుని లాగేశారు.

చైర్మన్ గారు నవ్వుతూ లేచారు. రేకు రాలింది. కర్ర్.

పరిశీలనలో ఉన్న కారణాన్ని పరిశీలించడానికి చిదంబరేశ్వర్రావు గారే స్వయంగా దయచేశారు. కారు దిగుతూనే, "ఆలస్యము ఏ మేరకు?" అని అడిగారు.

"రెప్పపాటు సార్," అన్నాను.

"ఎవరి రెప్ప?"

"ఎవరిదైనా ఒకటే కదండీ..."

"సరే. అర్జీకి సమాధానము ఇచ్చుటకు మన సంస్థలో గడువు ఎంత?"

"ముప్పై రోజులు సార్."

"ఎన్నడైనా ఎవరైనా ఆ గడువులోగా ఇచ్చిరా?"

నేనూ దక్షిణామూర్తి గారూ మొహమొహాలు చూసుకున్నాం.

"ముప్పై దినముల గడువు ఉండగా, రెప్పపాటులో సమాధానము ఇచ్చుచున్న ఉద్యోగిని పట్టుకొని ఆలస్యమని ఫిర్యాదు చేయుదురా?" అన్నారాయన. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నిజంగానే చలించిపోయారు. "నా ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఇంత వేగముగా స్పందించిన వారిని చూడలేదు. దీనికి సన్మానము జరగవలెను."

జరిగింది. కంప్యూటర్‌కి ఉత్తమ స్పందన పురస్కారం. కార్ఖానాలో షామియానా వేశారు. ప్రార్థనాగీతం పాడించారు. తెరకి కుంకుమ బొట్టు పెట్టి, మెడ ఎక్కడుందో తెలియక పెట్టెకి దండ వేశారు. చిదంబరేశ్వర్రావు గారు జరీ అంచు శాలువా విప్పి, దులిపి, పెట్టె నాలుగువైపులా నిండుగా కప్పారు. పెట్టెకి వెనక గాలి ఆడే చిల్లులు ఉంటాయి. అవీ నిండుగా కప్పుకుపోయాయి.

"సార్, గాలాడదేమో," అన్నాను దక్షిణామూర్తి గారి చెవిలో.

"మనకి ఆడుతోందా?" అన్నారాయన.

సన్మానం చేసినవారికి జ్ఞాపిక ఇవ్వడం మర్యాద. చేతిలో ఏమీ లేక, పోలినాయుడు మూల పడేసిన గాటు చక్రాన్ని పాలిష్ పెట్టి, చెక్క దిమ్మకి బిగించి ఇచ్చాడు. చిదంబరేశ్వర్రావు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి, గాటు మీద వేలు రాసి, "ఈ గీతలో ఏదో కళ ఉన్నది," అన్నారు.

ఆ వారంలోనే హెడ్డాఫీసు నుంచి ఇండెంటు వచ్చింది. అధికారులందరికీ అలాంటి జ్ఞాపికలు కావాలట. గాటు తప్పనిసరిగా ఉండాలట. శాలువా కప్పినప్పటి నుంచి పెట్టె లోపల సెగ పుట్టి, కంప్యూటర్ ఇదివరకటి రెప్పపాటుని కాస్తా ఆవలింత చేసింది. ఇప్పుడు రేకు రాలనక్కర్లేదు, చైర్మన్ గారు నవ్వబోయేసరికే గాటు. జ్ఞాపికలు కుప్పలు తెప్పలుగా తయారయ్యాయి. లక్ష్యం దాటాం. జ్ఞాపికల ఉత్పత్తిలో రాష్ట్రంలో మొదటి స్థానం వచ్చిందని దక్షిణామూర్తి గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. పత్రంతో పాటు, మేం పంపిన జ్ఞాపికే ఒకటి.

"అంటే మీ కార్ఖానాలో చక్రాలు తయారవుతున్నాయన్నమాటే," అంది హైమవతి.

"అవుతున్నాయి. తిరిగేవి కావు."

"మరి ఎందుకూ?"

"బల్లల మీద పెట్టుకోడానికి."

ఆవిడ బిందె అందుకుంది. చుట్టకుదురు సర్దుకుని ట్యాంకర్ వైపు వెళ్ళిపోయింది. జరీ అంచు ఒకటి చెవి పక్కన వేలాడుతోంది. వీధిలో ఎవరో, "అది మీవారిదేగా వదినా?" అని అడగడం వినిపించింది. "ఆయనదే. చాలా గట్టిది, ఇంకా చిరగలేదు," అని సమాధానం.

ఆ మాటకి నాలో పౌరుషం పొడుచుకొచ్చి, 'ఆలస్యం పెరిగింది' అని హెడ్డాఫీసుకి నేనే నేరుగా రాశాను. మా సంస్థలో ఏదైనా తగ్గాలంటే రాయకూడదు, పెరగాలంటేనే రాయాలి. ఆ ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది.

చిదంబరేశ్వర్రావు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆయన చలించలేదు, చర్య తీసుకున్నారు.

"అసలు సదరు కంప్యూటరు యంత్రమునకు ఎవరి అనుమతితో ఆదేశములు ఇచ్చుచున్నది?"

"అనుమతా? అది చెబుతుంది, ఇది చెక్కుతుందండీ."

"అనగా పై అధికారులకు తెలియకుండా, నేరుగా, యథేచ్ఛగా!" ఆయన దక్షిణామూర్తి గారి వైపు తిరిగారు. "ఇంతకాలము మీరు చూచుచు ఊరకుంటిరా? సన్మానము పొందిన ఉద్యోగి తలకెక్కించుకొనుట నేను అనేకసార్లు చూచియున్నాను. ఇకపై కత్తి జరగవలసిన ప్రతి జరుగుడునకు ప్రతిపాదన మా విభాగమునకు రావలెను. ఆమోదించిన పిదప జరగవచ్చును. గడువు ముప్పై దినములు. ఆ లోగా జరిగిన ఏదియూ ఆలస్యము కాదు. ఆ విధముగా ఆలస్యము శాశ్వతముగా నివారింపబడినది."

పోలినాయుడు నోరెళ్ళబెట్టాడు. "బాబూ, ఒక సెక్రానికి కత్తి ఎన్నిపాల్లు జరుగుతాదో తమకి ఎరికేనా? ఇలాగయితే నా మనవడు రిటైరైపోయినా మొదటి రెక్క అవ్వదు."

"మీ మనవడు మన సంస్థలోనే ఉన్నాడా?"

"ఇంకా పుట్టనేదండి."

"పుట్టిన తరువాత దరఖాస్తు చేసుకొమ్మనుము," అని కారెక్కారు.

మొదటి జరుగుడుకి ప్రతిపాదన వెళ్ళింది. యంత్రం కత్తి పైకెత్తి, దానికోసం ఎదురుచూస్తూ నిలబడింది. దాని మీద సాలీడు గూడు పెట్టింది. మా గేటు దగ్గర బోర్డు రాయించారు: 'ఈ కార్ఖానాలో ఆలస్యం: సున్నా'.

ఇలా ఉండగా చైర్మన్ గారి పుట్టినరోజు వచ్చింది. వేడుకకి కార్ఖానా యావత్తూ బస్సుల్లో హెడ్డాఫీసుకి తరలిపోయింది. కాపలాకి నేనూ పోలినాయుడూ మిగిలాం. నాకు పిలుపు రాలేదు. నేరుగా రాసినవాణ్ణి కదా. పోలినాయుడికి వచ్చింది కానీ, భోజనాల్లో మాంసం లేదని తెలిసి మానుకున్నాడు.

ఆ రోజు జరిగినదాంట్లో నా తప్పేముందో మీరే చెప్పండి. కంప్యూటర్ శాలువా మాసిపోయిందని, వేడుకల్లో కొత్తగా ఉండాలని, దక్షిణామూర్తి గారే ముందురోజు లాండ్రీకి వేయించారు. చైర్మన్ గారి కొత్త ఫోటో పెట్టబోతూ పాతది హెడ్డాఫీసు వారే తీసేశారు. కొత్తది ఇంకా ఎక్కలేదు. ప్రతిపాదనలు వెళ్ళే లైను, వేడుకని ప్రత్యక్ష ప్రసారం చేయబోయి తెగిపోయింది. మొత్తానికి ఆ మధ్యాహ్నం కంప్యూటర్‌కి తన పని తప్ప వేరే పని లేకపోయింది.

"సారూ, ఓపాలి మీట నొక్కి సూద్దునా? తుప్పట్టిపోతాది," అన్నాడు పోలినాయుడు.

నేను అవుననలేదు. కాదని కూడా అనలేదు. పదోన్నతి కోసం ఎదురుచూసేవాళ్ళం అలాగే అంటాం.

సాలీడు ముందు దిగిపోయింది. తర్వాత కత్తి దిగింది. అటు జరిగింది, ఇటు జరిగింది, వెన్నలో చెంచా తిరిగినట్టు తిరిగింది. ఆగలేదు, గెంతలేదు. టీ నీళ్ళు తెప్పించుకుని తాగుతూ కూర్చున్నాం. సాయంత్రానికి చక్రం పూర్తయింది. ఒక్క గాటు లేదు. రెక్కల్లో నా మొహం కనబడింది. చాలాకాలం తర్వాత అది నవ్వుతోంది.

మర్నాడు దక్షిణామూర్తి గారు దాన్ని చూసి కుర్చీలో కూలబడ్డారు.

"మొదటి జరుగుడుకి ఆమోదం వచ్చిందా?"

"ఇంకా లేదు సార్."

"అయితే ఇది లేదు."

"ఎదురుగా ఉంది కదండీ."

"ఉన్నట్టు కనిపిస్తోంది. అది వేరు. కత్తి ఇంకా కదలనే లేదు, చక్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? దీన్ని పంపులో పెట్టి, రేపు నీళ్ళొచ్చాయనుకోండి, ఆ నీళ్ళు ఎక్కడివని రాస్తారు?"

ఇది హెడ్డాఫీసు దాకా పోయింది. చిదంబరేశ్వర్రావు గారు పరుగున వచ్చారు గానీ, చక్రాన్ని తాకను కూడా తాకలేదు. దూరం నుంచి, పాముని చూసినట్టు చూశారు.

"ఆమోదము లేకనే మంచి చక్రము వచ్చినదని బయటకు పొక్కినచో, ఆమోదములెందుకని అడుగుదురు. పిదప మా విభాగమెందుకని అడుగుదురు. ఆ పిదప ఎవరెవరు ఎందుకని అడుగుదురో చెప్పలేము." జేబులోంచి డైరీ తీసి తిరగేశారు. "దీనిని క్రమబద్ధీకరింపవలెను. సోమవారము కొత్త ఫోటో ఎక్కుచున్నది. శాలువా కూడా వచ్చుచున్నది. దీనిని తిరిగి యంత్రముపై బిగించి, గౌరవనీయ చైర్మన్ గారి సమక్షమున, నియమానుసారము ఒక గాటు పెట్టించుడు. జ్ఞాపికలలో కలిసిపోవును. మీపై చర్య కూడా ఉండదు."

"గాటు పెట్టకపోతే సార్?"

"అనుమతి లేని చక్రము మీ అధీనములో ఉన్నట్లగును," అన్నారు. నా పేరు రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు.

సోమవారం దాకా భద్రంగా ఉంచమని దాన్ని నాకే అప్పగించారు. కార్ఖానాలో ఉంచితే ఎవరైనా చూస్తారని దక్షిణామూర్తి గారు భయపడ్డారు. స్కూటర్ మీద, రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని ఇంటికి తెచ్చాను. హైమవతి దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసింది.

"ఇది తిరుగుతుందా?"

"తిరుగుతుంది."

"మరి పంపు దగ్గరికి కాకుండా ఇంటికెందుకు తెచ్చారు?"

చెప్పాను. మొత్తం విన్నది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. చక్రాన్ని గడప పక్కన పెట్టి, దాని మీద శాలువా చుట్టకుదురు వేసి, ఆ పైన ఖాళీ బిందె పెట్టింది. సరిగ్గా సరిపోయింది. "మా అన్నయ్యా వాళ్ళు ఆదివారం పొద్దున్న దిగుతున్నారు," అని మాత్రం చెప్పి లోపలికెళ్ళింది.

పంప్‌హౌస్ మా వీధి చివరే. తాళం తాసిల్దారు గారి దగ్గర ఉంటుంది, కాలనీ కమిటీకి ఆయనే కార్యదర్శి. నిన్న సాయంత్రం ఆయన ఊరికే వచ్చినట్టు వచ్చి, గడప దగ్గర బిందెనీ, దాని కిందున్నదాన్నీ చాలాసేపు చూసి, తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, "ఏమండీ, నీళ్ళొస్తే ఎక్కడివని అడిగేవాళ్ళు మన వీధిలో అయితే ఎవరూ లేరు," అని వెళ్ళిపోయారు. పోలినాయుడు ఫోన్ చేసి, చక్రం బిగించే పానాలు పట్టుకుని ఆదివారం పొద్దున్నే రమ్మంటారా, సోమవారం గాటు పెట్టడానికి రమ్మంటారా, ఏదో ఒకటి తేల్చమన్నాడు. రెండిటికీ సిద్ధంగానే ఉన్నాడు. నేనే దేనికీ సిద్ధంగా లేను.

బిగిస్తే నీళ్ళొస్తాయి, ఉద్యోగానికి గాటు పడుతుంది. బిగించకపోతే చక్రానికి గాటు పడుతుంది, ఉద్యోగం నిక్షేపంగా ఉంటుంది, కానీ బావమరిది తలకి కుంకుడుకాయ రుద్దుకుని నా మొహంలోకి చూస్తాడు. ఇవాళ శనివారం. కుళాయి ఇప్పుడే 'గుర్ర్' అంది. చదివినవారు దయచేసి ఎవరైనా నాకో దారి చెప్పండి. మా ఆఫీసుకి రాయకండి, ముప్పై రోజులు పడుతుంది. నేరుగా మా ఇంటికే రండి. వచ్చేటప్పుడు మీ స్నానాలు మీరు చేసి రండి. మంచి సలహా ఇచ్చినవారికి శాలువా కప్పాలని నాకూ ఉంది గానీ, ఉన్న ఒక్కటీ బిందె కింద ఉంది.